తాడు మీద ఇంకో చెయ్యి

పోయిన వారం వల లాగిన రోజున ఒక చేపల పోగు మిగిలిపోయింది. అక్కడి నుంచి మొదలుపెట్టు చిన్నీ. నీ ఫోనులోనే రాసుకో, కానీ నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ కవిత్వం కలపొద్దు. నేను పోయాక ఈ ఇంట్లోంచి ఎవరు సముద్రం మీదికి పోయినా ముందు ఇది చదువుకుని పోవాలి.

మా పేటలో పెద్ద వల లాగేటప్పుడు తలలు లెక్కపెట్టరు. వలకి ఒక కొసన ఉన్న తాడు ఒడ్డునే ఉంటుంది. పడవ వలని సముద్రంలో చుట్టూ తిప్పి రెండో కొస తాడు తెచ్చి ఒడ్డుకిస్తుంది. ఆ రెండు తాళ్లనీ పేటంతా కలిసి లాగుతుంది. లాగేవాళ్లు మధ్యలో వస్తారు, మధ్యలో పోతారు. ఒకడు బీడీకి పోతాడు, ఒకతి ఏడ్చే బిడ్డ దగ్గరికి పోతుంది. అందుకని, వల బరువెక్కాక వల పెద్ద, అంటే ఆ పని చూసే పెద్దమనిషి, తాడు వెంట తలొంచుకుని నడుస్తూ ఒక్కో మనిషి చేతిని తాకి, ఒక్కో గవ్వ ఒడిలో వేసుకుంటాడు. మొహాలు చూడకూడదు. చూస్తే చుట్టాలకి రెండేస్తాడని పాతవాళ్లు పెట్టిన పద్ధతి. చేప ఒడ్డున పడ్డాక ఎన్ని గవ్వలుంటే అన్ని పోగులు.

ఆ రోజు అందరూ ఎవరి పోగు వాళ్లు ఎత్తుకున్నాక, ఇసుకలో ఒక పోగు అట్లాగే ఉండిపోయింది. ఎవరిదని అడిగితే ఎవరూ పలకలేదట. కాసేపటికి వల పెద్ద ఆ చేపల్ని గంపలో వేసుకుని మన గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడు నాకు కొడుకు వరస.

“ఐవోరి పోగు, పెద్దమ్మా” అన్నాడు.

“ఏ ఐవోరు రా? ఆయన్ని పూడ్చిపెట్టి నెల కాలేదు గదరా!”

“నాకు తెలవదా? గుంటలో మట్టేసింది నేనే. అయినా నేను తాకినా పెద్దమ్మా. లాగేటప్పుడు అందరి చేతులూ వేడిగా ఉంటాయి, చెమటగా ఉంటాయి. ఒకటి మాత్రం చల్లంగా ఉండింది. ముసలి చెయ్యి. గోళ్లు గరుగ్గా సుద్ద అంటుకోనుండినట్టు. ఏం చేసేది? చెయ్యి ఉండాది గదా, గవ్వ వేసినా.”

“ఎవరెనకాల ఉండింది?”

వాడు గంప దించి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నీ కొడుకు ఎనకాల” అని, మంచినీళ్లు కూడా అడక్కుండా పోయాడు.

మీ నాన్న లోపలి నుంచి వచ్చి గంప వైపు చూశాడు. “ఆ చేపలు ఈ ఇంట్లో ఉడకవు మా” అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “మా నాయన మునిగిపోతుంటే చూస్తా నిలబడినోడు, ఇప్పుడు నా ఎనకాల తాడు పట్టుకుంటాడా? రేపు నేను పడితే? అప్పుడు గూడా చూస్తా నిలబడతాడా?”

ఆ మర్నాడు మీ నాన్న పడవెక్కలేదు. ఆ తర్వాతి రోజు కూడా ఎక్కలేదు. పడవలో వల దించడానికి పోయేది వాడే గదా. వాడు ఎక్కకపోతే వల లేదు.

ఆయన ఎవరో చెబుతాను. అయ్యవారు, ఐవోరు అన్నది పేరు కాదు, పేటంతా అట్లాగే పిలిచేది. మన గుడి పక్క బడిలో పాఠాలు చెప్పేవాడు. స్వాముల చదువుకని, అంటే చర్చిలో పూజ చేసే ఫాదర్ల చదువుకని, చిన్నప్పుడే గురుమఠంలో చేరి, స్వామి కాకుండానే బయటికొచ్చాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పలేదు. పెళ్లి చేసుకోలేదు. నాకు ఆయన చరిత్ర ఇంతకంటే తెలియదు. తెలిసిందల్లా ఆయన నిలబడే తీరు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ఒక పక్కకి వాల్చి, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు నిలబడేవాడు. ఇసుకలో నడిచేటప్పుడు చెప్పులు చేతిలో ఉండేవి. చొక్కా జేబు ఎప్పుడూ సుద్దతో తెల్లగా ఉండేది.

ఏదీ తను మొదలుపెట్టడు. గుడిలో పాట మనం ఎత్తుకున్నాక రెండో మాట దగ్గర కలుస్తాడు. అన్నానికి కూర్చుంటే మారు అడగడు. నువ్వు గరిటె ఎత్తినాకే కంచం కొంచెం పైకెత్తుతాడు. నువ్వు మాట గుర్తురాక తడుముకుంటుంటే, ఆ మాట తనకి తెలిసినా సరే, నీ నోట్లో మొదటి అక్షరం పలికేదాకా చూస్తూ కూర్చుంటాడు. బడిలో పిల్లలు లెక్క రాక పలక ముందు గుడ్లప్పగించి కూర్చుంటే, ఆయన చెయ్యి వాళ్ల చేతికి జానెడు ఎత్తున ఆగి ఉండేది. పిల్లాడు తప్పో ఒప్పో ఒక గీత గీశాడా, అప్పుడు ఆ చెయ్యి దిగి వాడి చేతిని పట్టుకునేది. వాడు గీయకపోతే బడి వదిలేదాకా అట్లాగే గాల్లో ఉండేది.

నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో బోరింగు దగ్గర బిందె ఎత్తలేక ఆయన్ని పిలిచాను. “అయ్యవారూ, రొంత చెయ్యి పట్టండి” అన్నాను. వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనకే ఉన్నాయి. మళ్లీ అడిగాను. నిలబడే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

“ఏంది, మనిషేనా మీరు? ఆడమనిషి అల్లాడిపోతా ఉంటే మానులాగా నిలబడుకోనుండారే!”

“నువ్వు ఎత్తలేదు గదా అమ్మీ. అడిగినావు. అడగడం ఎత్తడం గాదు.”

కోపంతో బిందె అంచు పట్టుకుని ఒక్క ఊపున లేపాను. మోకాళ్ల దాకా వచ్చేసరికి బిందె సగం ఖాళీ అయినట్టు తేలికైపోయింది. చూస్తే అడుగున ఆయన చెయ్యి ఉంది. ఎప్పుడు వంగాడో తెలియలేదు.

“దీనికి లతీనులో ఒక మాట ఉండాది. అద్యువారె” అన్నాడు. స్వాముల చదువులో మిగిలిన ముక్క అది. “వాళ్లకి సాయానికి శానా మాటలుండాయి. మనం అన్నిటికీ ఒకటే వాడుకుంటాం, కూరా పాలూ ఒకే గిన్నెలో కాచినట్టు. ఇది మాత్రం, ఇప్పటికే చేస్తుండేవాడి చేతికి ఇంకో చెయ్యి కలపడం. వాడు చెయ్యకపోతే ఈ మాటకి పని లేదు.”

“మంచి పనికేనా, ఏ పనికైనానా?”

“మాటకి మంచీ చెడ్డా యాడ తెలుసు? మందు రోగికి చేసేదీ అదే, గాలి నిప్పుకి చేసేదీ అదే. గోడెక్కే దొంగకి నిచ్చెన పట్టుకున్నా అదే మాట.”

“అయితే రేపు దొంగతనానికి పోతా, నిచ్చెన తెచ్చుకోండి.”

“ముందు నువ్వు గోడెక్కు, నిచ్చెన సంగతి తర్వాత” అని నవ్వాడు. ఆయన నవ్వు పళ్లదాకా రాదు, గొంతులోనే తిరిగి లోపలికి పోతుంది. “అందులో సగం మాటకి సంతోషపెట్టడం అని గూడా అర్థం ఉండాది అమ్మీ. వాళ్లు రెండిటికీ తేడా చూడలేదు” అన్నాడు. ఇంటికొచ్చి మీ తాతతో చెబితే మీ తాత పడీ పడీ నవ్వాడు. తర్వాత పడవ తోసేటప్పుడల్లా “అద్యువారె, ఐవోరా, అద్యువారె!” అని కేకలు పెట్టేవాడు. ఆయన వచ్చి, పడవ కదిలాక చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడితే ఇద్దరు మనుషులు ఎక్కువైనట్టు ఉండేదని అందరూ అనేవాళ్లు.

మీ తాత పోయిన రోజు చెబుతాను, ఆపకుండా రాయి.

మధ్యాహ్నం. రెండో తాడు తెస్తున్న పడవ ఒడ్డు దగ్గర అలల్లో తిరగబడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ వచ్చారు. మీ తాత తలకి పడవ అంచు తగిలింది. వెల్లకిలా తేలాడు, చేతులు చాపుకుని, నిద్రపోతున్నట్టు. ఒడ్డు నుంచి ఎంతో దూరం కాదు, ఈ వాకిట్లోంచి ఆ నీళ్ల ట్యాంకు దాకా. మొదటి తాడు మీదున్నవాళ్లు ఇంకా లాగుతూనే ఉన్నారు, ఏం జరిగిందో వాళ్లకి తెలియదు. చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉన్నది అయ్యవారు ఒక్కడే. నడుముల్లోతు నీళ్లలో ఉన్నాడు. ఆయనకి ఈత వచ్చు. నేను ఒళ్లో మీ నాన్నని పెట్టుకుని ఇసుకలో కూర్చోనున్నాను. “పట్టుకోండయ్యా!” అని అరిచాను.

ఆయన చెయ్యి చాచాడు. భుజం ఊడిపోతుందా అన్నంతగా చాచాడు. చాచి, అట్లాగే నిలబడ్డాడు. అవతలి చెయ్యి కోసం చూస్తున్నాడు. అవతలి చెయ్యి రాలేదు. ఒక అల వచ్చి పోయింది. ఇంకోటి వచ్చింది. అది పోయాక అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు ముత్తుకూరు వైపు ఒడ్డున దొరికాడు. సమాధుల దొడ్డిలో అందరూ పోయాక నేను అయ్యవారి ముందుకు పోయి నిలబడ్డాను.

“ఎందుకు నిలబడినారు?”

“చెయ్యి కదిలిస్తాడని చూసినా అమ్మీ. ఒక్క వేలు కదిలించినా చాలని.”

“కదల్లేనివాడికి మీ లతీనులో మాట లేదా?”

ఆయన మెడ ఒక పక్కకి వాలిపోయింది. “ఉండాది. సుక్కూరెరె. పరిగెత్తిపోయి కిందికి దూరి మొయ్యడం. అడక్కముందే. గురుమఠంలో పరీక్షలో దాని అర్థం సరిగ్గానే రాసినా” అన్నాడు. పాదాల వైపు చూసుకుని, “కాళ్లకి రాలేదు” అన్నాడు.

ఆ తర్వాత నేను ఆయన మొహం చూడలేదు. తిట్టలేదు, శపించలేదు. చూడలేదు, అంతే.

ఆయన మాత్రం రావడం మానలేదు. మైల తీరాక మొదటిసారి బోరింగు దగ్గర బిందె ఎత్తితే సగంలో తేలికైంది. సుద్ద వాసన వచ్చింది. నేను వెనక్కి తిరగలేదు. ఆయన పలకలేదు. అది మొదలు ఇన్నేళ్లూ అంతే. రోలు జరపబోతే సగం బరువే ఉండేది. వరి మూట ఎత్తినా, తాటాకు కప్పు మీదికి అందించినా, ఇసుకలో దిగబడ్డ సైకిల్ తోసినా, మా అత్తని మోసుకుపోయే పెట్టె కింద భుజం పెట్టినా సగం బరువే. నేను రమ్మని అనలేదు, పొమ్మని అనలేదు. వల లాగిన రోజుల్లో ఆయన పోగు గంపలో మన గడప మీద ఉండేది. వండాను. బిడ్డని సాకాలి గదా. పిల్లవాడు పెద్దవాడయ్యాక పేటలో వాళ్లూ వీళ్లూ చెప్పారు, నీ నాయన మునుగుతుంటే నిలబడ్డవాడు ఆయనేనని. అప్పటినుంచి ఆ గంపలో చేప వాడు ముట్టలేదు.

“అవ్వా, నువ్వు దెయ్యం కథ చెప్తుండావా, ఐవోరి కథ చెప్తుండావా?” అంటున్నావా? రాయి. నాకూ అదే తెలియదు.

ఆయన పోయిన పొద్దున నేను కోటా బియ్యం మూట అరుగు మీదికి ఎత్తుతున్నాను. సగంలో తేలికైంది. ఎప్పటిలాగే చేతులు దులుపుకుని లోపలికి పోబోతుంటే గుడి గంట మెల్లగా మోగింది, మనిషి పోయినప్పుడు మోగించే తీరులో. ఎదురింటి కోడలు పరిగెత్తుకుంటూ వచ్చింది.

“అత్తా, ఐవోరు పోయినారంట! నిన్న సాయంత్రమే పోయినట్టుండారు, తలుపు ఇప్పుడు పగలగొట్టినారు.”

ఆ పిల్ల వెళ్లిపోయింది. నేను అరుగు దగ్గరే నిలబడ్డాను. మూటని కిందికి దించాను. మళ్లీ ఎత్తాను. సగం బరువే. అప్పుడు వెనక్కి తిరిగి చూశాను, ఇన్నేళ్లలో మొదటిసారి. వెనక మన పెరటి గోడ తప్ప ఏమీ లేదు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం పోగు మిగిలేదాకా అది నా ఒక్కదాని సంగతి. ఇప్పుడు మీ నాన్నది కూడా అయింది. వాడు అడిగింది సరైన మాటే. రేపు వాడు పడితే ఆయన ఏం చేస్తాడు? బతికున్నన్నాళ్లూ ఆయన ముందు మళ్లీ ఎవరూ స్పృహ లేకుండా నీళ్లలో పడలేదు. కాబట్టి ఆ రెండో మాట ఆయన కాళ్లకి వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. “నేను కనుక్కుంటాలే” అన్నాను మీ నాన్నతో. వాడు సరిగా వినలేదు.

మొన్న శ్రీహరికోటలో రాకెట్ పోయిన రోజు గుర్తుందిగా? ఆ రోజు వేటకి ఎవర్నీ పోనివ్వరు, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. నువ్వు మిద్దెక్కి ఫోను పట్టుకోనున్నావు. పేటంతా మిద్దెల మీదే ఉంది. అందరూ ఆకాశం వైపు చూసే వేళ నేను సరుగుడు తోట దాటి ఒడ్డుకి పోయాను. చావాలని పోలేదు, అది విడిగా రాయి. కొంగు నడుముకి బిగించి మోకాళ్ల దాకా దిగాను. కాళ్లు వదిలేశాను. వెల్లకిలా పడుకుని చేతులు చాపాను, మీ తాత మాదిరి. ఒక్క వేలు కూడా కదిలించకూడదనుకున్నాను.

మొదటి అల నన్ను పక్కకి దొర్లించింది. రెండోది మొహం కిందికి తిప్పింది. తిరిగేటప్పుడు ఒక కంటితో చూశాను. మనిషి నీళ్లలో నిలబడితే నురుగు అతని రెండు కాళ్ల చుట్టూ చీలిపోతుంది చూడు, పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నురుగు అట్లా చీలి పోతోంది. కాళ్లు లేవు. చీలిక మాత్రం ఉంది.

ఆయన వచ్చాడని తెలిసింది. ఎదురుచూస్తున్నాడనీ తెలిసింది. పిల్లాడి పలక మీద గాల్లో ఆగిన చెయ్యి ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాయి నీళ్లన్నీ. పైన రాకెట్ చప్పుడు అప్పుడే అందింది, కింద ఇసుక అదిరింది. ముక్కులోకి ఉప్పునీళ్లు పోయాయి. గొంతులోకి పోయాయి. రండయ్యా అని మనసులో అన్నాను. ఆ చీలిక వణికింది. ముందుకి మాత్రం రాలేదు. మీ తాతకి ఆఖరున స్పృహ ఉండిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఉండి ఉంటే తను చూసింది ఇదే. పక్కనే ఒక మనిషి, తన చెయ్యి కోసం కాచుకుని.

ఎప్పుడో నా ప్రమేయం లేకుండానే చిటికెన వేలు ఇసుకలో గుచ్చుకుంది. ఒళ్లు బతకాలనుకుంటుంది చిన్నీ, మనల్ని అడగదు. ఆ వేలు అట్లా గుచ్చుకుందో లేదో, నా బరువు సగమైపోయింది. మోచేతి కింద చల్లగా ఏదో ఉంది. మోకాళ్ల మీదికి లేచాను, దగ్గాను, పాక్కుంటూ పొడి ఇసుక మీదికి వచ్చి పడ్డాను. ఊరి మిద్దెల మీద చప్పట్లు వినిపించాయి. రాకెట్‌కి.

మీ నాన్న నా తడి చీర చూసి గోల గోల చేశాడు. “నీకేమన్నా పిచ్చా మా? ముసలిదానివి, నీళ్లలోకి పోయి పడుకుంటావా? పోయింటే?”

“పోలేదు గదా. కూర్చో. కనుక్కున్నా.”

“ఏం కనుక్కున్నావు?”

“ఆయన రాడు. సచ్చి గూడా నేర్చుకోలేదు. నువ్వు కదలకపోతే పక్కనే నిలబడి చూస్తాడు, ఏడుస్తా చూస్తాడు, రాడు. కదిలితే వస్తాడు. అది మాత్రం తప్పడు. ఒక్క వేలు నాయనా. తల పగిలినా, ఊపిరాడకపోయినా ఒక్క వేలు కదిలించు.”

“తెలివి తప్పినోడు వేలెట్టా కదిలిస్తాడు మా?”

“నువ్వు కదిలించాలి” అన్నాను. వాడు లేచి పోయి నా తల తుడవడానికి తువ్వాలు తెచ్చాడు.

ఈ పొద్దున మీ నాన్న పడవెక్కాడు. పోవద్దని నేననలేదు, పొమ్మని కూడా అనలేదు. ఒడ్డుకి మాత్రం పోయాను. పడవ నీళ్లలో దిగినప్పటి నుంచి వాడు ఒక చేత్తో మోటారు పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తి ఉంచాడు. వేళ్లు మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. మొదటి అల మీద పడవ ఎగిరి పడ్డప్పుడు కూడా ఆపలేదు.

“ఏందత్తా, ఈ పొద్దు నీ కొడుకు చిన్నపిల్లోడి మాదిరి అమ్మకి టాటా చెప్తా పోతుండాడే! పెళ్లాం చూస్తే ఊరుకుంటదా?” అని తాడు దగ్గరున్న ఆడవాళ్లు ఒకటే నవ్వు. నేనూ నవ్వి చెయ్యి ఊపాను.

అలలు దాటి పడవ పక్కకి తిరిగినప్పుడు వాడి మొహం ఒక్కసారి బాగా కనిపించింది. వాడు నన్ను చూడటం లేదు. నా పక్కన, ఎవరూ లేని చోట చూస్తున్నాడు.